ఉప్పుగాలిలో డ్రమ్ము బ్రేకు – పాత కార్ల బ్రేకు షూల మార్పిడి, సంరక్షణ

మోటారుకారు మాట వస్తే మనం సాధారణంగా ఇంజను గురించే మాట్లాడుకుంటాం. ఎంత వేగం పోతుంది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది అని అడుగుతాం. ఎంత దూరంలో ఆగుతుంది అని అడిగేవాళ్ళు అరుదు. నిజానికి ఇంజను చెడిపోతే బండి రోడ్డు పక్కన నిలబడిపోతుంది, అంతే. బ్రేకు చెడిపోతే బండి నిలబడదు. ఈ రెండింటికీ ఉన్న తేడా అందరికీ తెలిసిందే అయినా, ఇంజను ఆయిల్ మార్చినంత శ్రద్ధగా బ్రేకు డ్రమ్ము విప్పి చూసే యజమానులు మాత్రం తక్కువ.

నేను వృత్తిరీత్యా భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి, మెకానిక్కును కాను. అయితే మా ఇంట్లో 1978 నాటి అంబాసిడర్ ఒకటి ఇప్పటికీ నడుస్తూ ఉండటం వల్ల, షెడ్డులో గంటల తరబడి నిలబడి చూసి, తర్వాత నా చేతులతో చేసి, కొంత నేర్చుకున్నాను. తరగతిలో చెప్పే భ్రామకాలు, ఘర్షణ గుణకం, పాస్కల్ సూత్రం అన్నీ ఒక్క డ్రమ్ములో కనిపిస్తాయి. వాటికి తోడు మన నెల్లూరు తీరానికే ప్రత్యేకమైన ఒక సంగతి కూడా ఉంది. దాన్ని మన షెడ్డు మేస్త్రీ ఒకాయన ఒక్క మాటలో చెప్పాడు: "టౌన్లో తిరిగే బండికి లైనరు అరిగిపోద్ది సార్. మైపాడు పక్క బండికి అరగదు, పట్టేస్తది." ఈ వ్యాసం మొత్తానికి ఆ మాటే మూలం.

పాత కార్లు ఇప్పుడెందుకు?

1950ల చివర ఉత్పత్తి మొదలైన అంబాసిడర్ కలకత్తా దగ్గరి ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే నెల దాకా తయారైంది. బొంబాయిలో తయారైన ఫియట్, అదే తర్వాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న కారు, 2000 ప్రాంతం దాకా వచ్చింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ తయారైంది. ఒక తరం మొత్తం ఈ మూడు కార్లలోనే పెళ్ళిళ్ళకు, ఆస్పత్రులకు, ఎన్నికల ప్రచారాలకు తిరిగింది. మన దేశంలో ఎక్కువకాలం అమ్ముడైన ఈ పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. 1990ల తర్వాత వచ్చిన కొన్ని అంబాసిడర్లకు మాత్రం ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టారు.

అయితే డ్రమ్ము బ్రేకు పాతబడి పోయిన వస్తువు కాదు. ఈనాటి చిన్న కార్లలో చాలావాటికి వెనుక చక్రాలకు డ్రమ్ములే ఉన్నాయి. లారీలకు, ఆటోలకు, అనేక స్కూటర్లకు కూడా అంతే. కాబట్టి ఇంట్లో పాత కారు లేని విద్యార్థి మిత్రులు కూడా ఈ వ్యాసాన్ని పక్కన పెట్టనవసరం లేదు.

డ్రమ్ము లోపల

మోటారు వాహనానికి తగిన డ్రమ్ము బ్రేకును 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో రూపొందించాడని చెబుతారు. మొదట్లో కడ్డీలతో, తీగలతో లాగేవారు. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ ద్రవపీడన బ్రేకులు అమర్చారు. మన పాత కార్లలో ఉన్నది ఆ పద్ధతే.

దీని నిర్మాణం సులభం. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప గిన్నెను డ్రమ్ము అంటాం. దాని లోపల తిరగకుండా నిలిచి ఉండే వెనుక పలక మీద అర్ధచంద్రాకారంలో రెండు ఉక్కు షూలు ఉంటాయి. షూ వెలుపలి అంచుకు రివెట్లతో గానీ, జిగురుతో గానీ అంటించిన ఘర్షణ పదార్థమే లైనింగు. షెడ్డు భాషలో లైనరు. పెడలు తొక్కినప్పుడు మాస్టర్ సిలిండరులో పుట్టిన పీడనం సన్నని ఇనుప గొట్టాల ద్వారా వీల్ సిలిండరుకు చేరుతుంది. అందులోని పిస్టన్లు షూలను డ్రమ్ము గోడకు తోస్తాయి. పెడలు వదలగానే స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి. పరివేష్టిత ద్రవంలో పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రం ఇక్కడ ప్రతి తొక్కుకూ రుజువవుతూ ఉంటుంది.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. విద్యార్థులు గమనించవలసిన సొగసు ఇంకొకటి ఉంది. రెండు షూలూ ఒకేలా కనిపించినా ఒకే పని చేయవు. షూ ఒక చివర కదలని ఆనికను ఆనుకొని ఉంటుంది, రెండో చివరను సిలిండరు తోస్తుంది. డ్రమ్ము తిరిగే దిశ, సిలిండరు తోపు నుంచి ఆనిక వైపుగా ఉంటే, ఘర్షణ షూను డ్రమ్ములోకి ఇంకా లాగుతుంది. దాన్ని లీడింగు షూ అంటారు. దిశ వ్యతిరేకమైతే ఘర్షణ షూను వెనక్కి నెడుతుంది. అది ట్రెయిలింగు షూ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క సులభంగా ఉండటానికి అంకెలు నేను ఎంచుకున్నవి. సిలిండరు తోపు 100 కిలోల బలం, ఆనిక నుంచి దాని దూరం 16 సెంటీమీటర్లు అనుకుందాం. డ్రమ్ము గోడ ఇచ్చే అభిలంబ బలానికీ, ఘర్షణ బలానికీ ఆనిక నుంచి లంబదూరం చెరొక 8 సెంటీమీటర్లు. పొడి లైనింగుకు ఘర్షణ గుణకం 0.35.

లీడింగు షూలో ఘర్షణ తోపుకు తోడవుతుంది. కాబట్టి అభిలంబ బలం 1600ను 5.2తో భాగిస్తే వచ్చే 308 కిలోలు. అందులో 0.35 వంతు, అనగా 108 కిలోలు, ఘర్షణ. ట్రెయిలింగు షూలో ఘర్షణ తోపుకు ఎదురు నిలుస్తుంది. అక్కడ 1600ను 10.8తో భాగించాలి. అభిలంబ బలం 148, ఘర్షణ 52. ఒకే సిలిండరు, ఒకే తోపు, అయినా ఒక షూ రెండో దానికి రెండింతలు పనిచేస్తోంది. అందుకే అంబాసిడర్ వంటి కార్లలో బరువు ఎక్కువగా పడే ముందు చక్రాలకు రెండూ లీడింగు షూలే ఉండేలా, ఒక్కో చక్రానికి రెండు సిలిండర్లు పెట్టారు. వెనుక చక్రాలకు ఒకటి లీడింగు, ఒకటి ట్రెయిలింగు.

ఇప్పుడు అదే లైనింగు తడిసి ఘర్షణ గుణకం 0.10కి పడిపోయిందనుకుందాం. లీడింగు షూ ఘర్షణ 108 నుంచి 22కు, ట్రెయిలింగు షూ ఘర్షణ 52 నుంచి 18కి దిగుతుంది. గుణకం మూడున్నర రెట్లు తగ్గితే లీడింగు షూ పని దాదాపు అయిదు రెట్లు తగ్గింది! సొంత సాయంతో పెరిగిన బలం, ఆ సాయం పోగానే మామూలు కంటే వేగంగా కూలిపోతుంది. ముందు చక్రాలలో ఒకటి పొడిగా, ఒకటి తడిగా ఉన్నాయనుకోండి. పొడి చక్రం 216 కిలోలతో, తడి చక్రం 44 కిలోలతో పట్టుకుంటాయి. బండి పొడి చక్రం వైపుకు ఒక్కసారిగా లాగేస్తుంది. వాన నీళ్ళలో నుంచి బయటికి రాగానే తొక్కిన మొదటి బ్రేకుకు స్టీరింగు చేతిలో నుంచి జారినట్లు అనిపించడానికి కారణం ఇదే.

వేడి సంగతి కూడా చూద్దాం. నలుగురితో కలిపి 1400 కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజ శక్తి సుమారు 1 లక్షా 94 వేల జౌళ్ళు. ముప్పావు లీటరుకు కాస్త తక్కువ నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి ఈ శక్తి సరిపోతుంది. బండి ఆగే ఆ నాలుగైదు సెకన్లలో ఇదంతా వేడిగా మారి ప్రధానంగా నాలుగు డ్రమ్ములలోకే పోవాలి. వేగం 80 అయితే శక్తి 3 లక్షల 45 వేల జౌళ్ళు దాటుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది, లైనింగు పట్టు కూడా తగ్గుతుంది. పెడలు మామూలు కంటే కిందికి దిగుతుంది.

ఉప్పుగాలి చేసే పని

నెల్లూరు నుంచి తూర్పుగా ఇందుకూరుపేట మీదుగా మైపాడుకు పోయినా, ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం పోయినా, కావలి నుంచి తుమ్మలపెంటకు పోయినా, కొంత దూరానికే గాలిలో ఉప్పు తెలుస్తుంది. ఒక పక్క సముద్రం, దానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ, ఉప్పు మడులు, రొయ్యల చెరువులు. దక్షిణాన తడ, సూళ్ళూరుపేట వైపు పులికాట్ సరస్సు. గాలి ఎటు వీచినా ఉప్పు కలిసిన తేమే.

వానాకాలంలో మన ఇళ్ళలో జాడీలోని ఉప్పు చెమర్చడం అందరూ చూసినదే. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకొని తానే ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అంతకంటే తక్కువ తేమకే చెమరుస్తుంది. అంటే డ్రమ్ము లోపల ఒకసారి చేరిన ఉప్పు పొర, వాన చుక్క పడకపోయినా, ప్రతి రాత్రీ తనంతట తానే తడుస్తుంది. పగలు ఆరుతుంది. మళ్ళీ రాత్రి తడుస్తుంది. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం, తుప్పు పట్టడం విద్యుద్రసాయన చర్య. డ్రమ్ము పోత ఇనుము, షూ ఉక్కు, కొన్ని కార్లలో వీల్ సిలిండరు ఇనుము, దానిలోని పిస్టను అల్యూమినియం. వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీరు! ప్రయోగశాలలో మనం కష్టపడి తయారుచేసే ఘటం ఇక్కడ ఎవరూ అడగకుండానే తయారవుతోంది.

రోజూ తిరిగే బండిలో ఈ నష్టం అంతగా తెలియదు. ప్రతి తొక్కుకూ లైనింగు డ్రమ్ము గోడను రుద్ది తుప్పును తుడిచేస్తుంది, వేడి తేమను ఆర్పేస్తుంది, పిస్టన్లు కదులుతూ ఉంటాయి. నిలబడిన బండికి ఈ మూడూ లేవు. మేస్త్రీ చెప్పిన మాటకు అర్థం ఇదే. పాత కార్లేమో ఎక్కువ కాలం నిలబడే ఉంటాయి. యజమాని "మా బండి ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు, బ్రేకులు కొత్తగానే ఉంటాయి" అనుకుంటాడు. మన తీరంలో ఈ నమ్మకమే ప్రమాదకరం.

నాకు తెలిసిన ఒక కుటుంబం వారి కారు తీరం దగ్గరి ఊళ్ళో దసరా నుంచి సంక్రాంతి దాకా హ్యాండ్ బ్రేకు లాగిన స్థితిలో నిలబడి ఉంది. మనకు వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవన కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంటే సరిగ్గా తేమ ఎక్కువగా ఉండే మూడు నెలలూ వెనుక షూలు డ్రమ్మును అంటిపెట్టుకొని ఉన్నాయి. పండక్కి వచ్చిన కుర్రవాడు బండి కదలకపోతే గట్టిగా యాక్సిలరేటరు తొక్కాడు. 'టక్' మని శబ్దం వచ్చి బండి కదిలింది. అందరూ సంతోషించారు. నిజానికి కదిలింది బండి కాదు, షూ నుంచి ఊడిన లైనరు. ముత్తుకూరు రోడ్డు మీద లారీల వెనుక బ్రేకు తొక్కేసరికి వెనుక చక్రం ఒకటి బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది. ఎదురుగా ఏ వాహనమూ రాకపోవడం అదృష్టం. 2008లో కృష్ణపట్నం ఓడరేవు కొత్తగా మొదలైన తర్వాత ఆ దారుల్లో లారీల రద్దీ ఎంత పెరిగిందో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. అటువంటి అదృష్టాన్ని నమ్ముకొని బండి నడపకూడదు.

ఎప్పుడు విప్పి చూడాలి?

కిలోమీటర్ల లెక్క మీద కాకుండా క్యాలెండరు లెక్క మీద విప్పాలి అన్నది నా సూచన. ఎంత తక్కువ తిరిగినా ఏడాదికి రెండుసార్లు: వానలు మొదలయ్యే ముందు సెప్టెంబరులో, వానలు వెలిసిన తర్వాత సంక్రాంతి దాటాక. ఇది గాక కింది లక్షణాలలో ఏది కనిపించినా వెంటనే విప్పాలి.

పెడలు మామూలు కంటే కిందికి దిగితే లైనరు అరిగి ఉండాలి, లేదా అడ్జస్టుమెంటు వదులై ఉండాలి. పెడలు స్పంజిలా మెత్తగా ఉంటే గొట్టాలలో గాలి చేరింది. తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతూ ఉంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండరు వాషర్లు పోయాయి. బండి ఒక పక్కకు లాగితే ఒక చక్రంలో షూ తడిసి గానీ, పిస్టను పట్టేసి గానీ ఉండాలి. ఇనుము ఇనుమును గీసిన శబ్దం వస్తే రివెట్లు బయటపడ్డాయి. కొంత దూరం నడిపి ఆపాక ఒక చక్రం మాత్రమే వేడిగా ఉంటే అక్కడి షూ వెనక్కి రావడం లేదు. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ ఒకే ద్రవ మార్గం ఉండటం వల్ల ఒక్క చోట కారితే మొత్తం బ్రేకు పోతుందని మరవకూడదు.

ముందుగా దుమ్ము సంగతి

పని మొదలుపెట్టే ముందు అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ వాడేవారు. వేడికి తట్టుకునే నార వంటి ఈ ఖనిజం మనకు కొత్తది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దీని గనులు ఉండేవి. దీని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు. అదీ వెంటనే కాదు, ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళ తర్వాత. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి దీన్ని నిషేధించింది. అమెరికా 2024లో క్రైసోటైల్ రకాన్ని నిషేధించింది. ఇప్పుడు ఆస్బెస్టాస్ లేని లైనింగులు దొరుకుతున్నాయి. కానీ ముప్పై ఏళ్ళుగా విప్పని డ్రమ్ములో, అంగట్లో మూల పడి ఉన్న పాత స్టాకు షూలలో ఏముందో కంటితో చూసి చెప్పలేం.

షెడ్లలో సాధారణంగా జరిగేది ఏమిటంటే, డ్రమ్ము ఊడదీసి కంప్రెసరు గాలితో దుమ్ము ఊదేస్తారు. ఆ దుమ్ముకు ఎదురుగా కూర్చొని ఉండేది పని నేర్చుకుంటున్న కుర్రవాడు. వాడి వయసు మన విద్యార్థుల వయసే, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఈ రోజు పీల్చిన దుమ్ము వాడు యాభై ఏళ్ళవాడయ్యాక బయటపడితే, దానికీ మన కారుకూ సంబంధం ఉందని ఎవరికీ తెలియదు. కాబట్టి గాలితో ఊదకూడదు, పొడి బ్రష్షుతో దులపకూడదు. సబ్బునీళ్ళు మెల్లగా చిలకరించి, దుమ్ము పూర్తిగా తడిశాక తడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డను ఆరనివ్వకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టేసి పారేయాలి. ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి. చేతి రుమాలు చాలదు. పాత లైనరును ఎమరీ కాగితంతో పొడిగా రుద్దకూడదు. మన బండి షెడ్డుకు ఇచ్చినా సరే, "గాలి కొట్టొద్దు, తడిపి తుడవండి" అని చెప్పడం మన బాధ్యత.

మార్చే పద్ధతి

బండిని చదునైన గట్టి నేల మీద నిలపాలి. విప్పని చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టాలి. వెనుక డ్రమ్ము విప్పేటప్పుడు హ్యాండ్ బ్రేకు దించి ఉంచాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. బండి కింద గట్టి స్టాండు పెట్టాలి. ఇటుకలు పేర్చడం చాలాచోట్ల చూస్తాం. ఇటుక ఎప్పుడు పగులుతుందో చెప్పి పగలదు.

అడ్జస్టరు పూర్తిగా వదులు చేశాకే డ్రమ్ము లాగాలి. కొన్ని కార్లలో అది వెనుక పలక మీద చదరపు తల, కొన్నిటిలో రంధ్రంలో నుంచి స్క్రూడ్రైవరుతో తిప్పే పళ్ళ చక్రం. తుప్పుకు డ్రమ్ము రాకపోతే చెక్క సుత్తితో చుట్టూ తట్టాలి. ఇనుప సుత్తితో అంచు మీద కొడితే పోత ఇనుము పగులుతుంది.

ఒకవైపు చక్రం పూర్తిగా ముగించాకే రెండో వైపు విప్పాలి. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉంది, షూ ఏ చివర పైన ఉంది అనే సందేహం వచ్చినప్పుడు రెండో వైపే మనకు పాఠ్యపుస్తకం. అది ఎదురద్దంలా ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి. విప్పే ముందు ఫోటో తీసుకొంటే ఇంకా మంచిది.

షూలు తీశాక నాలుగు విషయాలు పరీక్షించాలి. మొదటిది లైనరు మందం. రివెట్ తల పైన ఒక మిల్లీమీటరు కూడా లేకపోతే మార్చాల్సిందే. మార్చేటప్పుడు ఎడమ కుడి రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒక్కదానికే మారిస్తే బండి లాగుతుందని పైన చూసిన లెక్కే చెబుతోంది. రెండవది, లైనరు నూనె తాగిందా? తాగితే దాన్ని పెట్రోలుతో కడిగినా, మంట మీద కాల్చినా ప్రయోజనం లేదు. అది లోపలి దాకా పీల్చుకొని ఉంటుంది, వేడెక్కగానే మళ్ళీ బయటికి వస్తుంది. ఆ నూనె వీల్ సిలిండరుదా, ఇరుసు సీలు నుంచి వచ్చిన గేరు ఆయిలా అని తేల్చుకొని, ముందు ఆ కారుడు ఆపాలి.

మూడవది డ్రమ్ము. వేలిగోరు అడ్డంగా రాసినప్పుడు గాళ్ళు తగిలితే లేత్ పట్టించాలి. ఒక ఇరుసు మీది రెండు డ్రమ్ములూ ఒకే కొలతకు రావాలి. తయారీదారు ఇచ్చిన హద్దు దాటితే డ్రమ్ము పారేయాలే గాని లేత్ పట్టించకూడదు. పలచబడ్డ డ్రమ్ము త్వరగా వేడెక్కుతుంది, పగిలే అవకాశం కూడా ఉంది. నాలుగవది వీల్ సిలిండరు. రబ్బరు టోపీ మెల్లగా ఎత్తి చూస్తే లోపల తడి కనిపిస్తే కారుతున్నట్లే. పిస్టను చేతితో నెట్టినా కదలకపోతే పట్టేసినట్లే. సిలిండరు గోడ నున్నగా ఉంటే వాషర్ కిట్టు మార్చితే చాలు. తుప్పు గుంటలు పడితే సిలిండరే మార్చాలి. తీరం బండ్లలో నేను ఎక్కువగా చూసింది ఈ గుంటలే.

కొత్త షూలు బిగించే ముందు వెనుక పలక మీద షూ ఆనే చోట్ల తుప్పు గీకి, వేడికి కరగని బ్రేకు గ్రీజు పలచగా, బొట్టు పెట్టినంత మాత్రమే, రాయాలి. మామూలు గ్రీజు కరిగి లైనరు మీదికి పారుతుంది. షూను అంచులు పట్టుకొని ఎత్తాలి, లైనరు ముఖాన్ని జిడ్డు చేతులతో తాకకూడదు. సాగిపోయిన, తుప్పుకు సన్నబడిన స్ప్రింగులను మళ్ళీ వాడకూడదు.

డ్రమ్ము బిగించి, పెడలు రెండు మూడు సార్లు తొక్కి షూలను మధ్యకు తేవాలి. తర్వాత అడ్జస్టరును చక్రం ఆగేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వెనక్కి వదలాలి. హ్యాండ్ బ్రేకు అడ్జస్టుమెంటు అన్నిటికంటే చివర. ముందే దాన్ని బిగిస్తే షూల సర్దుబాటు అంతా తప్పుతుంది. కొత్త లైనరు డ్రమ్ముకు కుదురుకోవడానికి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా బ్రేకు వేస్తూ నడపాలి. మొట్టమొదటి పరీక్ష ఖాళీ రోడ్డు మీద, 20 కిలోమీటర్ల వేగంలో చేయాలి.

బ్రేకు ఆయిల్ – ఆయిల్ కాదు

మనం బ్రేకు ఆయిల్ అంటాం గానీ, ఈ కార్లలో వాడేది ఖనిజ నూనె కాదు. గ్లైకాల్ జాతి రసాయనం. దీనికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరిని నొక్కవచ్చు, ద్రవాన్ని నొక్కలేం. పెడలు ఒక్కసారిగా నేలకు తగులుతుంది. ఆ నీరే సిలిండరు లోపలి తుప్పుకు కూడా కారణం. కాబట్టి మన తీరంలో రెండేళ్ళకొకసారి, వీలైతే ఏడాదికొకసారి, మొత్తం మార్చాలి. మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాలోది వాడకూడదు. ఇంజను ఆయిల్, డీజిల్, కిరోసిన్ ఒక్క చుక్క తగిలినా రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. వాషర్లు కడగడానికి కూడా బ్రేకు ఆయిలే వాడాలి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగు కార్లలో సాధారణంగా ఎడమ వెనుక, కుడి వెనుక, ఎడమ ముందు, కుడి ముందు అన్నది వరుస. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిపిల్ వదులు చేసి, బుడగలు వచ్చాక బిగించాలి. నిపిల్ బిగించేదాకా పెడలు వదలకూడదు. మధ్యలో పై డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. బయటికి వచ్చిన ద్రవాన్ని మళ్ళీ పోయకూడదు. అది రంగు మీద పడితే పెయింటు లేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగాలి.

నిలబెట్టే బండికి జాగ్రత్తలు

చివరగా, ఖర్చు లేని కొన్ని అలవాట్లు చెప్పి ముగిస్తాను. ఎక్కువ రోజులు నిలబెట్టే బండికి హ్యాండ్ బ్రేకు లాగి ఉంచవద్దు. గేరులో పెట్టి, చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టండి. వారానికొకసారైనా నాలుగైదు కిలోమీటర్లు నడిపి, మెల్లగా పదిసార్లు బ్రేకు తొక్కండి. అదీ కుదరకపోతే నిలబడిన చోటనే పెడలు పదిసార్లు తొక్కి వదలండి, పిస్టన్లయినా కదులుతాయి. నీళ్ళలో నుంచి బయటికి వచ్చాక, వెనుక వాహనం లేనప్పుడు, తక్కువ వేగంలో పెడలు మీద కాలు తేలికగా ఆనించి కొంత దూరం నడిపితే లైనర్లు ఆరతాయి. సముద్రపు ఇసుకలో దిగిన బండి చక్రాలను ఆ రోజే మంచినీళ్ళతో కడిగి, ఇదే పద్ధతిలో ఆర్పాలి.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను, 2015 నవంబరులో మన జిల్లాను ముంచెత్తిన వానలు చూసినవారికి నీళ్ళలో మునిగిన బండి అంటే ఏమిటో తెలుసు. అలా మునిగిన బండి ఇంజను స్టార్టయింది కదా అని రోడ్డెక్కించకూడదు. ముందు నాలుగు డ్రమ్ములూ విప్పాలి, బ్రేకు ఆయిల్ మొత్తం మార్చాలి.

డ్రమ్ము విప్పడానికి ఒక పూట చాలు. షూల ఖరీదు ఒక టైరు ఖరీదు కంటే చాలా తక్కువ. సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్ళే విద్యార్థి మిత్రులు తమ ఇంటి ముందు నెలల తరబడి నిలబడి ఉన్న బండి తాళం చేతిలోకి తీసుకొనే ముందు, దాని వెనుక చక్రం ఒక్కసారి జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పి చూస్తే, ఈ వ్యాసం రాసిన శ్రమ ఫలించినట్లే.